కాలితో త్రిప్పిన పుటలు

షోలాపురమున తెనుగువారు వసించు పేటలను ఆ నగరవాసులు ‘పూర్వ భాగ్’ అని వ్యవహరింతురు. మరాఠీభాషలో దానికి తూర్పుభాగము అనియే అర్థము. కాని కాదంబరిని పూర్వోత్తరభాగములుగా ఎరిగిన తెనుగువాని చెవికి అది ఏదో గ్రంథమున మొదటి సగము పేరువలె వినిపించును. ఆ వినికిడి పొరపాటే యైనను, సాఖర్‌పేట, భవానీపేట, దాజీపేట, భద్రావతిపేటల సందులలో సాయంకాలము నడచునపుడు నేనా పొరపాటును దిద్దుకొన నిచ్చగింపను.

ఆ పేటలలోని ఒక భజనమండలివారు శ్రావణమాసమునకు ముందు నాకొక చిన్నపని అప్పగించిరి. కీర్తనల వ్రాతప్రతులు అంచులు రాలి చినిగిపోవుచున్నవనియు, పిల్లలు వానిని ఫోటోలు తీసి ట్యాబులోనికి ఎక్కించిరనియు, ఇక ఆ ట్యాబును నిలువబెట్టుటకు తగిన స్టాండు నొకదానిని చూచిపెట్టవలెననియు వారి కోరిక. అంగడిలో కొని తేదగిన వస్తువే. అయినను ఎన్నిరకములను త్రిప్పి చూచినను వానిలో ఒక్కటియు వీరు పాడు తీరునకు ఒదుగదని తేలినది. ఎందుచేత ఒదుగదో తెలిసికొనబోయి, నేను స్టాండుల సంగతి అటుంచి చరిత్రలో పడితిని.

ఈ పేటల నేతవారైన పద్మశాలీలు ఈ నగరమునకు వచ్చుట ఒక్కనాటి సంగతి కాదు. 1860 ప్రాంతమున గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గము షోలాపురమును తాకినది; 1876-78 నాటి మహాక్షామము దక్కను పల్లెలను కదలించినది; 1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, అనగా జనులు నేటికిని ‘జూనీ మిల్లు’ అని తలచుకొనునది, నెలకొన్నది. కరీంనగరము, ఓరుగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతములనుండి నేతకుటుంబములు ఒకదాని వెంట నొకటి నిజాము సరిహద్దు దాటి వచ్చి, కొందరు మిల్లుకూలికిని, కొందరు సొంత మగ్గమునకును కుదురుకొనిరి.

వారు విడిచివచ్చిన పల్లెలలో కులపురాణము పాడుటకు కూనపులివారు వచ్చెడివారు. నకాషీ చిత్రకారులచేత వ్రాయించిన గజము వెడల్పు గుడ్డపటమును కఱ్ఱలకు వ్రేలాడదీసి, కథ నడచినకొలది బొమ్మవెంట బొమ్మగా విప్పుచు, మార్కండేయుని కథను, భావనాఋషి తామరనారతో దేవతలకు వస్త్రము నేసిన వృత్తాంతమును రాత్రులతరబడి గానము చేయుట వారి వృత్తి. అక్కడ పటమే ప్రతి. పటమును మోయు కఱ్ఱలే దానికి పీఠము. విప్పువాని చేయియే పుట త్రిప్పు సాధనము.

ఇంటిలో పురాణము చదువుకొనుటకు వ్యాసపీఠముండెను. ఆ చిన్నవస్తువును చేతబట్టి చూచినవారు దానిని చేసిన వడ్రంగికి నమస్కరింపక మానరు. ఒకే కొయ్యపలకను మందమున చీల్చి, ఇనుపకీలు ఏదియు పెట్టక, ఆ కొయ్యలోనే పండ్లవలె కీళ్ళు తొలిచి, విప్పినపుడు కత్తెరవలె నిలుచునట్లును, మూసినపుడు మరల ఒక్కపలకయే యగునట్లును చేయుదురు. ముసల్మానులు దీనినే రెహలు అందురు. దాని ఎత్తు నేలమీద మఠమువేసికొని కూర్చున్నవాని మోకాటికి మించదు. చదువరి చూపు క్రిందికి వ్రాలి అక్షరముపై నిలుచునేగాని, మెడ ఎత్తవలసిన పని యుండదు. ఈ కొలతను పాఠకుడు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన.

పిమ్మట హార్మోనియము వచ్చినది. 1840ల తొలిభాగమున పారిస్ నగరమున దబేన్ కూర్చిన ఈ వాద్యము, కాళ్ళతో తొక్కి వాయించు బల్లరూపమును మన దేశమున వదలుకొని, చేతితిత్తితో నేలమీదికి దిగెను. 1940లో ఆలిండియా రేడియో దీనిని వెలివేసి మూడు దశాబ్దములు దూరముంచెను. భజనమందిరములు ఆ తీర్పును పట్టించుకొన్నట్లు లేదు. కీర్తనల పుస్తకము ఇప్పుడు వ్యాసపీఠమును దిగి హార్మోనియపు పెట్టెమీది కెక్కినది. అచ్చటనే చిక్కు మొదలైనది. ఎడమచేయి తిత్తిని విడువరాదు, కుడిచేయి మెట్లను విడువరాదు. చరణము పుట చివరకు వచ్చినపుడు ప్రక్కవాడు త్రిప్పవలెను, వాడు తాళములో మునిగియుండెనా, పల్లవియే మరల మరల పాడవలసి వచ్చును!

ఈ భజనపరులకు స్వరపత్రములతో పని లేదని ఇక్కడ చెప్పవలెను. సుబ్బరామ దీక్షితులు 1904లో తెనుగులిపిలో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినివంటి మహాగ్రంథము విద్వాంసులకు. వీరికి రాగము గొంతులోనే యున్నది, కావలసినది సాహిత్యము మాత్రమే. అదియైనను నేటితరమువారు మరాఠీబడిలో చదివినవారగుటచే, నేను చూచిన ప్రతులలో సగము రామదాసకీర్తనలు నాగరలిపిలో వ్రాసియుండెను. అరసున్నలు, శకటరేఫలు ఆ ప్రయాణమున ఎచ్చట దిగిపోయెనో తెలియదు. పాడునపుడు మాత్రము శుద్ధమైన తెనుగే వినిపించినది.

చేతులు రెండును పనిలో నున్నవాని కొఱకు కాలు పుట త్రిప్పుట ఈ పేటలలో ఎన్నడో వాడుకయైనది. దానిని సంగీతమని ఎవ్వరును అనుకొనలేదు, అంతే. షోలాపురపు చాదరుకు నెమలిపింఛములను దిద్దిన జకార్డు పనిముట్టును దగ్గరగా చూచినచో ఈ మాట అర్థమగును. లియాన్ నగరవాసి జకార్డు 1804లో రూపొందించిన ఈ పనిముట్టు మగ్గముపై నెక్కి కూర్చుండును. దాని ప్రక్కన చిల్లులుపొడిచిన అట్టలు త్రాళ్ళతో కుట్టిన గొలుసై వ్రేలాడుచుండును. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేకపోగునకు. నేతగాడు తొక్కుడుచెక్కను త్రొక్కగానే నలుపలకల దిమ్మ పావుచుట్టు తిరిగి క్రొత్త అట్టను సూదులయెదుట నిలుపును. చిల్లున్నచోట పడుగు లేచును, లేనిచోట అణగియుండును. అంతలో నాడె అటునుండి ఇటు పరుగెత్తును. చేతులకు పుట త్రిప్పు పనియే లేదు.

ఆ అట్టలకు చిల్లులు పొడుచు యంత్రమునకు నేతవాడుకలో ‘పియానో’ అనియే పేరు. వ్రేళ్ళక్రింద మెట్లు, పాదముక్రింద తొక్కుడు, కన్నులయెదుట ఒక వాలుపలక. ఆ పలకపై గళ్ళకాగితమున రంగులతో నింపిన నమూనా, దాని కడ్డముగ ఒక బద్ద. పనివాడు ఒక పంక్తిని చదివి, వ్రేళ్ళతో నొక్కి, కాలితో త్రొక్కి, బద్దను ఒక్కగడి జరిపి, తరువాతి పంక్తికి పోవును. స్వరపత్రపీఠమన ఇంతకన్న వేరేమున్నది? సంగీతజ్ఞులును ఈ బంధుత్వమును గుర్తింపకపోలేదు: 1892లో పారిస్‌లోని గావియోలీ సంస్థవారు జాతరలలో మ్రోగు ఆర్గనునకు చిల్లుల అట్టపుస్తకమును అమర్చినపుడు, నేతగాని గొలుసునే పాటకు ఎరువు తెచ్చుకొనిరి.

ఇక స్టాండులు. తొలి ఐప్యాడు 2010లో వెలువడినది. 2012లో బ్రస్సెల్సు ఫిల్హార్మోనిక్ వాద్యబృందము కాగితములను విడిచి ట్యాబులతో కచేరి చేసెను. అంగడిలోని స్టాండులన్నియు ఆ కచేరికి పుట్టినవే, అనగా నిలుచుండువానికి, లేదా కుర్చీలో కూర్చుండువానికి. ముక్కాలిపీటలు ఎంత దించినను నేలపై కూర్చున్నవాని ముఖమును కప్పివేయును. మైకుకొయ్యకు బిగించు పట్టుకొమ్మ గట్టిదే, కాని చిడతలవాని మోచేయి తగిలినపుడెల్ల తల త్రిప్పుకొనును. వంగునట్టి తీగమెడగల స్టాండు హార్మోనియముపై పెట్టగానే తిత్తి ఊపునకు వణకి, అక్షరములను వణకించెను. అరకిలో బరువుగల పలకకు వెడల్పైన అడుగు, జారనీయని పెదవి, ట్యూబులైటు వెలుగు తెరపై మెరయకుండునట్లు మార్చుకొనదగిన వాలు, ఈ మూడును ఒక్కచోట నాకు దొరకలేదు. తుదకు మగ్గపుసామాను చేయు వడ్రంగికే పాత వ్యాసపీఠము చూపి, క్రిందిఅంచున అంగుళము పెదవి పెట్టి, ఇంకొంచెము వెడల్పుగ చేయుమంటిమి.

అది వచ్చువరకు మందిరములో ముక్కాలిపీటతోనే అభ్యాసము జరిగినది. హార్మోనియము వాయించు పెద్దాయన యౌవనమున జకార్డు మగ్గము నేసినవాడు. మనుమరాలు ట్యాబును బిగించుచుండగా, “ఎత్తుగుంటె కండ్లకు ఆనది బిడ్డా, జర కిందికి దించు,” అనెను. ఆ బాలిక పుటలు త్రిప్పు బ్లూటూతు పెడలును గూడ తెచ్చినది. అదియు కుర్చీవారి సొత్తే గనుక, మఠమువేసికొన్న తాతకు పాదమెక్కడ పెట్టవలెనో తోచలేదు. మోకాటిక్రింద పెట్టిచూచిరి, రెండు పుటలు ఒక్కసారి పోయినవి. అప్పుడాయన లేచి, హార్మోనియమును మండపపు అరుగు అంచునకు జరిపించి, గుంతమగ్గముపై కూర్చున్నట్లు కాళ్ళు క్రిందికి వ్రేలవేసి, పెడలును మెట్టుమీద పెట్టుమని సైగచేసెను. వ్యాసపీఠము వచ్చినపిమ్మటను ఆయన ఆ అంచును విడువలేదు. శ్రావణపౌర్ణమినాడు మార్కండేయ రథోత్సవము ముగిసినరాత్రి నేను పోయినపుడు, చెప్పువిడిచిన కుడిపాదము బొటనవ్రేలు పెడలుపై ఆని యుండెను. చరణము ముగియుటకు రెండక్షరముల ముందే పుట తిరుగుచుండెను.