దాల్చీనీ మనదా, పరాయిదా? శంషాబాద్ వంటింట్లో ఒక రొట్టె తారీఖ్



పోయిన సెలవుల్లో తమ్ముడు భార్యాపిల్లలతో జిద్దా నుంచి వచ్చాడు. శంషాబాద్ ఏర్‌పోర్టులో దిగితే మా ఇంటికి పావుగంట. సూట్‌కేసులు ఇంకా విప్పనేలేదు, నా తొమ్మిదేళ్ల భతీజీ వంటింట్లోకి వచ్చి "ఫుప్పూ, సినమన్ రోల్ చేస్తావా? అక్కడ మాల్‌లో తింటాం" అని అడిగింది. దస్తర్‌ఖాన్ మీద బగారా అన్నం, దాల్చా సర్దుతున్న అమ్మీ ఆ మాట విని "యే అంగ్రేజోంకా ఖానా హమారే ఘర్‌మే కైకూ?" అంది. దొరల తిండి మన ఇంట్లో ఎందుకు అని.

అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. ఏది మన తిండి? ఏది పరాయిది? ఈ సవాల్ రొట్టె దగ్గర ఆగేది కాదు. "మీ వాళ్లు అసలు ఎక్కణ్ణుంచి వచ్చారు?" అని మనల్ని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాదా, పర్‌దాదాల ఖబర్లు ఈ ఊరి మట్టిలోనే ఉన్నా అడుగుతారు. అందుకే ఈసారి ఆ రోల్‌ని పొరపొరగా విప్పి, దేని తారీఖ్ ఏమిటో చూద్దామనుకున్నాను.

చెక్క సంగతి

అమ్మీ బగారా అన్నంలో వేసిన మసాలాతోనే మొదలుపెడదాం. మనం దాల్చినచెక్క అంటాం. ఇందులో దాల్చీనీ ఫార్సీ మాట. అసలు రూపం 'దార్‌చీనీ'. దార్ అంటే కొయ్య, చీనీ అంటే చైనాది. ఆ ఫార్సీ మాటకు తెలుగువాళ్లు తమ 'చెక్క'ను అతికించుకున్నారు. అరబ్బులూ దాన్నే 'దార్‌సీనీ' అని తీసుకున్నారు. గల్ఫ్‌లో ఉండొచ్చిన వాళ్లకు తెలిసిన ఇంకో పేరు 'ఖిర్ఫా'. అంటే బెరడు. ఏ కులం, ఏ మజ్‌హబ్ ఇంట్లోనైనా పులావ్ చేసేటప్పుడు సగం ఫార్సీ, సగం తెలుగైన ఈ మాట పలకాల్సిందే.

బజార్లో దొరికే చెక్క రెండు రకాలు. ఒకటి శ్రీలంకది. కాగితంలాంటి పొరలు చుట్టలా చుట్టుకుని ఉంటాయి, వేళ్లతో నలిపితే విరుగుతుంది, వాసన మెత్తగా ఉంటుంది. రెండోది చైనా, వియత్నాం, ఇండోనేషియాల నుంచి వచ్చే మందపు చెక్క. ఘాటు ఎక్కువ. మన కిరాణా కొట్లలో ఎక్కువగా అమ్మేది ఈ రెండోదే.

పాతకాలంలో ఈ చెక్క ఎక్కడ పుడుతుందో కొనేవాళ్లకు తెలియదు. తెలియని చోట కిస్సాలు పుడతాయి. పెద్ద పక్షులు ఈ పుల్లలతో కొండల మీద గూళ్లు కట్టుకుంటాయనీ, అరబ్బులు మాంసం ముక్కలు ఎరగా వేస్తే వాటిని మోసుకుపోయిన పక్షుల బరువుకు గూళ్లు కూలతాయనీ, అప్పుడు పుల్లలు ఏరుకుంటారనీ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో రాశాడు. కళ్లతో చూసి రాసినవాడు ఇబ్న్ బతూతా. 1344లో శ్రీలంక వెళ్లిన ఆయన, వాగుల్లో కొట్టుకొచ్చిన దాల్చీనీ దుంగలు సముద్రపు ఒడ్డున గుట్టలుగా పడి ఉన్నాయని రాశాడు. మాబర్, మలబారు తీరాల వాళ్లు వాటిని ధర కట్టకుండానే పట్టుకుపోయేవారట. బదులుగా అక్కడి రాజుకు బట్టలు నజరానాగా ఇచ్చేవారట.

ఈ బట్టల మాట గుర్తుపెట్టుకోండి. తెలుగు నేలకూ మసాలాకూ ఉన్న రిష్తా అక్కడే ఉంది.

మన తీరానికి సముద్రపు సరుకు రావడం సుల్తానుల కాలంలో మొదలైంది కాదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కునే పాత రివాజును ఆపి, పరదేశీ వ్యాపారులకు భరోసా ఇచ్చాడు. కర్పూరం, పన్నీరు, మిరియాలు, పట్టుదారం మీద సుంకం ఎంతో అందులో ఉంది. తరువాత గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం ఈ తీరానికే పెద్ద బందరు అయింది. డచ్చివాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే అక్కడ కోఠీ పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. వీళ్లకు కావలసింది తూర్పు దీవుల మసాలాలు. ఆ దీవుల వాళ్లు అడిగిందేమో మన నేతగాళ్ల బట్ట. అందుకే ముందు మచిలీపట్నం, పాలకొల్లు చుట్టుపక్కల బట్ట కొని, దాన్ని అక్కడ ఇచ్చి మసాలా తెచ్చుకున్నారు. 1656లో డచ్చివాళ్లు పోర్చుగీసుల నుంచి కొలంబో గుంజుకున్నది ఈ దాల్చీనీ కోసమే. ఆ తిజారత్‌లో తెలుగు మగ్గం మీద నేసిన బట్ట రొక్కంలా చెల్లింది. మసాలా మనకు ఖైరాత్‌గా రాలేదు. మెహనత్‌తో కొనుక్కున్నాం.

పిండి, ఖమీర్

రోల్‌కి రెండో ప్రాణం పులిసిన పిండి. మన ఇళ్లలో దీన్ని ఖమీర్ అంటారు. ఇది అరబీ మాట. ఖ-మ-ర అనే ధాతువుకు కప్పడం అని అర్థం. తలను కప్పేది ఖిమార్. అఖల్‌ను కప్పేసే మత్తు ఖమ్ర్. గుడ్డ కప్పి ఉంచితే పొంగేది ఖమీర్. ఒకే వేరు నుంచి ఒక పరదా, ఒక హరామ్, ఒక రొట్టె పుట్టాయి.

1518లో గోల్కొండ సల్తనత్ నిలబెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడు. ఆ రాకపోకలతో ఇరానీ తహజీబ్, దాంతోపాటు ఇరానీ రొట్టెలు దక్కన్‌లో ఇల్లు కట్టుకున్నాయి. షీర్‌మాల్‌నే చూడండి. షీర్ అంటే పాలు. మాల్, 'మాలీదన్' నుంచి వచ్చింది, అంటే రుద్ది పిసకడం. పాలు, నెయ్యి, కొంచెం తీపి వేసి పిసికిన రొట్టె అది. మైదాలో పాలు, వెన్న, చక్కెర వేసి పిసికే సినమన్ రోల్ పిండీ ఇదే జాతిది. అదే మాలీదన్ నుంచి వచ్చింది మన మలీదా. దర్గాల్లో నియాజ్‌గా పంచుతాం. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు హిందూ అక్కచెల్లెళ్లూ మలీద ముద్దలు చేసి పంచుకుంటారు. ఫార్సీ మాట బతుకమ్మ పళ్లెంలో కూర్చుంటే ఎవరికీ పరాయిగా అనిపించలేదు.

కుల్చా సంగతి ఇంకా పెద్దది. మొదటి నిజాముల్ ముల్క్ ఒక బుజురుగ్ దగ్గరికి వెళితే ఆయన కుల్చాలు పెట్టాడనీ, ఈయన ఏడు తిన్నాడనీ, ఏడు తరాలు రాజ్యం చేస్తారని ఆయన దువా ఇచ్చాడనీ చెబుతారు. అది రివాయత్, నిజమెంతో అల్లాకే తెలుసు. కానీ ఆసఫ్‌జాహీ పసుపు జెండా మీది గుండ్రటి గుర్తును మాత్రం జనం కుల్చా అనే పిలిచారు.

పురానీ హవేలీ దగ్గరి మున్షీ నాన్ దుకాణం 1851 నాటిది. నిజాం దఫ్తర్‌లో మున్షీగా ఉన్నాయన పెట్టాడు కాబట్టి ఆ పేరు. నాలుగు మూలల చార్‌కోనా నాన్ అక్కడ తందూర్ గోడకు అతుక్కుని కాలేది.

భట్టీ ఇంట్లోకి వచ్చిన రోజు

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దాదీలు, నానీలు ఇంత పిండివంట తెలిసినవాళ్లే గానీ వాళ్ల వంటింట్లో రొట్టె కాల్చే భట్టీ లేదు. కట్టెల పొయ్యి, తర్వాత కిరసనాయిల్ స్టవ్. అందుకే పిండి ఇంట్లో కలిపి, కాల్చడానికి బేకరీకి పంపేవారు. ముహర్రంలో దమ్ కే రోట్‌కి సూజీ, నెయ్యి, మేవా కలిపి తబక్కుల్లో పెట్టి పంపడం హైదరాబాద్ రివాజు. ఈద్ ముందు బిస్కెట్లకూ అంతే. మైదా, చక్కెర, డాల్డా మోసుకెళ్లి భట్టీ దగ్గర లైన్లో నిలబడిన బచ్‌పన్ మనలో చాలామందికి ఉంది. పిండి ఆడవాళ్లది, నిప్పు బజారుది.

1948 నాటి నాంపల్లి సుభాన్ బేకరీ, బట్వారా తర్వాత వచ్చిన సింధీ ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టిన కరాచీ బేకరీ, వీధివీధినా ఇరానీ హోటళ్లు, ఉస్మానియా బిస్కెట్లు, అన్నీ ఆ బజారు నిప్పు మీద బతికినవే. గుండ్రటి అల్యూమినియం కరెంటు ఓవెన్, ఆ తర్వాత ఓటీజీ ఇంట్లోకి వచ్చాకే ఆ నిప్పు ఆడవాళ్ల చేతికి అందింది. ఇప్పుడు ఇంటి నుంచే కేకులు చేసి అమ్ముకుంటున్న మన అమ్మాయిలు ఎంతమందో మీకు తెలుసు. నా దృష్టిలో ఇది చిన్న ఇంఖిలాబ్ కాదు.

రోల్ ఎక్కడిది?

ఇక ఆ చుట్ట రూపం. అది మనది కాదని ఒప్పుకోవాలి. స్వీడన్‌లో దీన్ని కానెల్‌బుల్లె అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి చక్కెర, వెన్న మళ్లీ దొరికాక, 1920ల నుంచి అక్కడ వాడుకలోకి వచ్చింది. 1999 నుంచి ఏటా అక్టోబర్ 4న దాని పేరు మీద పండగే చేస్తున్నారు. మాల్స్‌లో అమ్మే పెద్ద మెత్తటి రోల్ అమెరికాది. సియాటిల్ దగ్గర 1985లో సినబాన్ దుకాణం తెరిచారు. అక్కణ్ణుంచి అది రియాద్, జిద్దా, దుబాయ్ మాల్స్‌కి చేరింది. అందులోని దాల్చీనీ ఇండోనేషియాది. అంటే చెక్క తూర్పు నుంచి అమెరికా వెళ్లి, గల్ఫ్‌కి వచ్చి, నా భతీజీ నాలుక మీద ఎక్కి శంషాబాద్‌లో దిగింది.

దిగాల్సిన చోటే దిగింది. పాయ్‌గా ఖాందాన్ 'షమ్సుల్ ఉమరా' ఖితాబ్ నుంచే శంషాబాద్ పేరు వచ్చిందంటారు. ఇటు పహాడీ షరీఫ్, అటు బెంగుళూరు రోడ్డు మీద ముందుకెళితే జహంగీర్ పీర్ దర్గా. సుమారు 5,500 ఎకరాల్లో ఏర్‌పోర్టు కట్టి, 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మార్చారు. అప్పట్నుంచి హజ్ ఖాఫిలాలు నాంపల్లి హజ్ హౌస్ నుంచి ఇక్కడికే వస్తాయి. గల్ఫ్‌కి పోయే కరీంనగర్, నిజామాబాద్, కడప పిల్లలు ఈ గేటు దగ్గరే అమ్మీల చేతులు వదులుతారు. ఒకప్పుడు మచిలీపట్నం చేసిన పని ఇప్పుడు శంషాబాద్ చేస్తోంది. అప్పుడు బట్ట పోయి మసాలా వచ్చేది. ఇప్పుడు మన జవాన్ల రెక్కల కష్టం పోయి, రియాళ్లతోపాటు కొత్త రుచులు వస్తున్నాయి.

మా ఇంట్లో కుదిరిన తరీఖా

నా మొదటి ఘానం ఖరాబైంది. మే నెల, బయట నలభై డిగ్రీలు. ఎక్కడో చదివినట్టు పిండిని రెండు గంటలు వదిలేశాను. పులిసి కల్లు వాసన కొట్టింది. చలిదేశాల వాళ్లు రాసిన టైము మనకు పనికిరాదు. గడియారాన్ని కాదు, పిండిని చూడాలి. రెట్టింపైతే చాలు. ఎండాకాలంలో నలభై నిమిషాలకే అవుతుంది.

పన్నెండు రోల్స్‌కి అరకిలో మైదా, 230 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు, 60 గ్రాముల చక్కెర, 75 గ్రాముల మెత్తటి వెన్న, చెంచాడు ఉప్పు, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. ఎండాకాలం పాలు చల్లగానే పోయండి, చలికాలం గోరువెచ్చగా. కాగే పాలు పోస్తే ఈస్ట్ చస్తుంది. పిండి సాగదీస్తే తెగకుండా పల్చటి పొరలా వచ్చేదాకా, పది పన్నెండు నిమిషాలు పిసకండి. చేతికి అంటుతోందని మైదా కలుపుతూ పోతే రోల్ రాయవుతుంది.

పొంగిన పిండిని అర్ధ అంగుళం కన్నా పల్చగా, దీర్ఘచతురస్రంలా వత్తి, 80 గ్రాముల వెన్న రాయండి. దాని మీద 150 గ్రాముల బెల్లం పొడి, రెండు పెద్ద చెంచాల దాల్చీనీ పొడి, కారిపోకుండా ఒక చెంచా మైదా కలిపి చల్లండి. దాల్చీనీని పిండిలో కలపకండి, అది ఈస్ట్ పొంగును అణుస్తుంది. మరీ బిగించి చుట్టకండి, కాలేటప్పుడు నడిమి భాగం పైకి తన్నుకొస్తుంది. కత్తితో కోస్తే నలుగుతుంది కాబట్టి కుట్టుదారం కింద నుంచి పోనిచ్చి, పైన అడ్డంగా లాగి కోయండి. మళ్లీ అరగంట గుడ్డ కప్పి ఉంచి, ముందే వేడెక్కిన ఓటీజీలో 180 డిగ్రీల దగ్గర 22 నుంచి 25 నిమిషాలు. పైన పూయడానికి గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగు, చక్కెర పొడి చాలు. వనిల్లా ఎసెన్స్‌లో ఆల్కహాల్ ఉంటుందన్న శక్ ఉన్నవాళ్లు యాలకుల పొడి వేసుకోండి. నేనూ అదే వేశాను.

ఆ రోజు ఇల్లంతా దాల్చీనీ ఖుష్బూ. భతీజీ రెండు తినేసింది. అమ్మీ చాలాసేపు ముట్టలేదు. అసర్ నమాజ్ అయ్యాక, చాయ్‌తో ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. కాసేపు నమిలి "షీర్‌మాల్ లాగే ఉంది" అంది. ఆ తర్వాత ఇంకేం అనలేదు.

తమ్ముడు తిరిగి వెళ్లే రాత్రి చూస్తే, ఆవకాయ సీసా, ఉస్మానియా బిస్కెట్ల పక్కన ఒక స్టీల్ డబ్బా కనిపించింది. అందులో ఆరు రోల్స్. సర్దింది అమ్మీయే. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయని ఆమె మళ్లీ అడగలేదు. జిద్దా చేరేసరికి మెత్తగా ఉంటాయా లేదా అని మాత్రమే అడిగింది.