పాళెపు కావలి నుండి కంప్యూటరు సంత వరకు

క్రీ. శ. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన నెలకొల్పెను. రాజ్యము డెబ్బదిరెండు పాళెములుగా ఏర్పడిన ఆ కాలమున అనేక తెలుగు కుటుంబములు వైగై నదీప్రాంతమున స్థిరపడినవి. 1996 వరకు మధుర జిల్లాలో నుండి, పిదప తేని జిల్లాలో చేరిన ఆండిపట్టి ఆ ప్రాంతములోనిదే. దాని పరిసరములు చేనేతకు పేరుగన్నవి.

పాళెగాండ్ర కాలమున ఊరి కావలి యొక కట్టుబాటు. కావలివారు గ్రామస్థుల నుండి రుసుము గైకొనెడివారు. దొంగతనము జరిగినచో సొమ్ము వెదకి తెచ్చుటయో, నష్టము నిచ్చుటయో వారి బాధ్యతగా నుండెను. నేతవస్త్రములు ఇంటర్నెట్టు అంగడి కెక్కిన నేడు, వాకిట నిలిచి పూచీపడువా డెవ్వడను ప్రశ్న మరల తలయెత్తినది.

1995లో రాస్మస్ లెర్డార్ఫ్ పి.హెచ్.పి. అను కంప్యూటరు భాషను వెలువరించెను. అందు 'ఇన్‌క్లూడ్' అను ఆజ్ఞ కలదు. ఫైలు పేరు చెప్పిన, ఆ ఫైలును తెచ్చి కలుపుట, అందలి సూచనలను నడపుట దాని పని. ప్రతి పుటకును తలకట్టును వేరువేరుగ వ్రాయు శ్రమ దీనివలన తప్పినది. 2003 నాటి వర్డ్‌ప్రెస్, 2011లో దానికి తోడైన వూకామర్స్ ఈ భాషయందే నిర్మింపబడినవి. వీనికి మరియొక ప్లగిన్ చేర్చినచో, ఒకే సైటు పలువురు విక్రేతల సంతగా మారును.

ఫైలు పేరును ప్రోగ్రాము తాను నిర్ణయింపక, సందర్శకుడు పంపిన మాట నుండి గ్రహించినచో చిక్కు మొదలగును. చుక్కలును ఏటవాలు గీతలును చేర్చి పంపినవాడు ఒక ఫోల్డరు నుండి పై ఫోల్డరునకు ప్రాకి, తనకు సంబంధింపని ఫైలును రప్పింపగలడు. తొలి దినములలో పరాయి సర్వరులోని ఫైలును సైతము ఇట్లు రప్పింప వీలుండెను. 2006లో వచ్చిన పి.హెచ్.పి. 5.2 ఆ మార్గమును, యజమాని కోరి తెరచిననే తప్ప, మూసియుంచెను. కాని ఆ సర్వరులోనే యున్న ఫైళ్లను రప్పించు మార్గము మిగిలిపోయినది.

సంత ప్లగిన్లలో ఈ లోపము మరింత ప్రమాదకరము. ఒంటి అంగడిలో లోపలివారు యజమానియు, అతని నౌకరులును మాత్రమే. సంతలో నమోదైన విక్రేతలందరును లోపలివారే. సరకుల బొమ్మలు ఎక్కించు హక్కు వారి కుండును. బొమ్మ వేషమున సూచనల నెక్కించి, ఆ ఫైలునే ఇన్‌క్లూడ్ చేయించినచో సర్వరు వానిని నడపును. అంతట డేటాబేసు రహస్యపదమును, కొనుగోలుదారుల చిరునామాలును పరులపాలగును.

నష్టమునకు పూచీ యెవ్వరిది? వర్డ్‌ప్రెస్ లభించు జి.పి.ఎల్. ఒప్పందమున, హామీ యేదియు లేదని స్పష్టముగ వ్రాయబడియున్నది. 2004లో ఏర్పడిన భారతీయ సంస్థ సెర్ట్-ఇన్, 2022 ఏప్రిల్ ఆదేశములలో, నిర్దేశించిన సైబరు ఘటనలను ఆరు గంటలలో తెలుపవలెనని విధించెను. తెలుపుట వేరు, నష్టము పూడ్చుట వేరు.

నివారణ కష్టమైనది కాదు. రప్పింపదగిన ఫైళ్ల పట్టిక నొకదానిని ప్రోగ్రాములోనే యుంచి, అందులేని పేరును త్రోసిపుచ్చవలెను. ప్లగిన్ సవరణ వెలువడిన వెంటనే యజమాని దానిని చేర్చవలెను. సైటు నడపువాడు వేరైనను, మోసపోయిన కొనుగోలుదారు వేలెత్తి చూపునది చీరపైనున్న నేతవాని పేరునే. కావున సంతలో చేరుటకు ముందే, సవరణలు చేర్చు పని యెవ్వరిదో, చేర్చకున్న నష్టము భరించువా రెవ్వరో నేత కుటుంబములు అడిగి, వ్రాయించుకొనుట మేలు. కావలి రుసుము చెల్లించిన పూర్వులు కోరినది ఆ పూచీనే.