దెయ్యాల వేట టీవీకెక్కిన వైనం

1936 మార్చి 10న బీబీసీ రేడియో, ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో ఒక పాత బంగళా నుంచి ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఆ ఇంట్లో దెయ్యం తిరుగుతోందని ఊళ్లో వాడుక. హారీ ప్రైస్ అనే పరిశోధకుడు థర్మామీటర్లు, మైకులు అమర్చుకుని కూర్చుంటే, శ్రోతలు ఎవరిళ్లలో వాళ్లు చెవులు రిక్కించి విన్నారు. చెప్పుకోదగ్గ సంఘటనేదీ జరగలేదు. అయినా ఈనాటి దెయ్యాల వేట రియాలిటీ షోలకు మూలం అక్కడే ఉంది. పేరుపడ్డ ఇల్లు, పరికరాలు, ఎదురుచూపు, దూరాన కూర్చుని భయపడే జనం అన్నీ ఆ ప్రసారంలోనే కనిపిస్తాయి.

ప్రైస్ ఊరికే పుట్టుకురాలేదు. 1882లో లండన్‌లో సైకికల్ రీసెర్చ్ సొసైటీ ఏర్పడింది. కేంబ్రిడ్జ్ ఆచార్యుడు హెన్రీ సిడ్జ్‌విక్ దాని తొలి అధ్యక్షుడు. ఆత్మల ఉనికిని పక్షపాతం లేకుండా పరీక్షించాలన్నది వాళ్ల పట్టుదల. ఆ క్రమంలో ఆత్మలతో మాట్లాడతామనే ఎందరో మీడియంల మోసాలను వాళ్లే బయటపెట్టారు. ప్రైస్ ఆ పద్ధతికి ప్రచారం జోడించాడు. 1937లో ఎసెక్స్‌లో దెయ్యాల ఇల్లుగా పేరుపడ్డ బోర్లీ రెక్టరీని ఏడాదికి అద్దెకు తీసుకుని, టైమ్స్ పత్రికలో ప్రకటన ఇచ్చి 48 మంది పరిశీలకులను ఎంచుకున్నాడు. ఏది ఎలా నమోదు చేయాలో చెప్పే చిన్న పుస్తకం కూడా వాళ్ల చేతికిచ్చాడు. 1948లో ఆయన చనిపోయాక, అదే సొసైటీ సభ్యులు ముగ్గురు బోర్లీ వ్యవహారాన్ని తిరగదోడి, కొన్ని వింతలు ప్రైస్ సృష్టేనని 1956లో ఆరోపించారు. తన మనిషినే బోనెక్కించగల ఆ నిజాయితీ టీవీ దాకా వచ్చిందా అన్నదే ఈ చరిత్రలో నన్ను వెంటాడే ప్రశ్న.

రేడియో తర్వాత చాలాకాలం టీవీ దెయ్యాల గురించి చెప్పిందే తప్ప వెతకలేదు. అమెరికాలో 1977లో మొదలైన 'ఇన్ సెర్చ్ ఆఫ్' లాంటి కార్యక్రమాలు మిస్టరీని వ్యాఖ్యానంతో నడిపించాయి. మలుపు 1992 అక్టోబర్ 31 రాత్రి వచ్చింది. బీబీసీ 'ఘోస్ట్‌వాచ్' అనే నాటకాన్ని ప్రసారం చేసింది. ముందే చిత్రీకరించిన ఆ కథను ప్రత్యక్ష ప్రసారంలా మలిచారు. మైకేల్ పార్కిన్సన్ లాంటి, జనం రోజూ చూసి నమ్మే ముఖాలు అందులో తమ సొంత పేర్లతోనే కనిపించాయి. సుమారు కోటీ పది లక్షల మంది చూశారు. రచయిత పేరు తెర మీద పడినా చాలామంది నిజమనే అనుకున్నారు. పదేళ్ల పిల్లలిద్దరు దీన్ని చూశాక తీవ్ర మానసిక ఆఘాతానికి గురయ్యారని 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. బీబీసీ మళ్లీ దాన్ని ప్రసారం చేయలేదు. ప్రేక్షకులు అమాయకులై మోసపోయారని నేననను. వాళ్లు దెయ్యాన్ని నమ్మలేదు, వార్తలు చెప్పే గొంతును నమ్మారు.

ఆ తర్వాత పదేళ్లలో చీకట్లో పనిచేసే కెమెరాలు చవకయ్యాయి. పరారుణ కాంతితో తీసిన ఆకుపచ్చ చిత్రం, మెరిసే కనుపాపలు ఈ షోల ముద్ర అయిపోయాయి. 2002లో బ్రిటన్‌లో వచ్చిన 'మోస్ట్ హాంటెడ్' దీన్ని బాగా వాడుకుంది. వ్యాఖ్యాత యెవెట్ ఫీల్డింగ్ కెవ్వుమంటుంటే కెమెరా ఆమె ముఖం మీదే నిలిచేది. ఇక్కడే ఒక మార్పు స్థిరపడింది. చూపాల్సిన దెయ్యం కనబడదు కాబట్టి, చూసినవాళ్ల భయాన్నే సాక్ష్యంగా చూపడం మొదలైంది. 2005లో ఆ బృందంలోనే ఉన్న పారాసైకాలజిస్ట్ కియరన్ ఓకీఫ్, తాను కల్పించిన ఒక వ్యక్తి పేరు మీడియం డెరెక్ అకోరా చెవిన పడేలా చేస్తే, అకోరా ఆ 'ఆత్మ'తో మాట్లాడాడని పత్రికలో వెల్లడించాడు. ఆ పేరులోని ఇంగ్లిషు అక్షరాలను తిరగేసి కూర్చితే 'డెరెక్ ఫేకర్' అని వస్తుంది. అదే ఏడాది ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, ఇది వినోదమే తప్ప అసలైన పరిశోధన కాదని తేల్చింది.

2004లో అమెరికాలో వచ్చిన 'ఘోస్ట్ హంటర్స్' తీరు వేరు. దాన్ని నడిపిన జేసన్ హాస్, గ్రాంట్ విల్సన్ వృత్తిరీత్యా ప్లంబర్లు. తొలి రోజుల ఎపిసోడ్లను నేను గౌరవంతో చూస్తాను. గోడలో చప్పుడు వస్తే ముందు పైపు వెతికేవారు. ఇంట్లో ఏమీ లేదని యజమానికి చెప్పి వచ్చేసిన సందర్భాలూ ఉన్నాయి. విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మీటరు వాళ్ల చేతిలో పాడైన వైరింగును పట్టించేది. రానురాను ఈ రకం షోల్లో అదే మీటరు ఆత్మ వచ్చిందని చెప్పే దీపంగా మారింది. తర్వాత రేడియో స్టేషన్ల మీదుగా ఆగకుండా దొర్లుతూ ముక్కలు ముక్కలుగా మాటలు వినిపించే పెట్టె వచ్చింది. ఆ గందరగోళంలో మనం ఎదురుచూస్తున్న మాటే మన చెవి ఏరుకుంటుంది. 2008లో మొదలైన 'ఘోస్ట్ అడ్వెంచర్స్'లో జాక్ బేగన్స్ ఆత్మలను కవ్వించి పిలవడాన్ని పద్ధతిగా చేసుకున్నాడు.

ఈ షోలకు ఇష్టమైన చోట్లు జైళ్లు, క్షయ ఆసుపత్రులు, పిచ్చాసుపత్రులు. ఫిలడెల్ఫియాలోని ఈస్టర్న్ స్టేట్ జైలునే తీసుకోండి. 1829లో తెరిచిన ఆ జైల్లో ఖైదీలను ఒంటరి గదుల్లో, తోటి మనిషి మాటకు దూరంగా ఉంచేవారు. 1842లో దాన్ని చూసిన చార్లెస్ డికెన్స్ ఆ శిక్షను క్రూరమని తీవ్రంగా ఖండించాడు. అక్కడ మతి చలించిన మనుషుల బతుకు ఏ దెయ్యం కథకన్నా బరువైనది. కెమెరా మాత్రం కారిడార్‌లో కదిలిన నీడ దగ్గర ఆగిపోతుంది. ఈ తరహా కార్యక్రమాల మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే.

వెతకాల్సిన తీరు తెలియక కాదు. ఇంగ్లండ్‌లో ఇంజనీరు విక్ టాండీ, తాను పనిచేసే ప్రయోగశాలలో రాత్రిపూట ఎవరో ఉన్నట్టు అనిపించి వణికిపోయాడు. కంటి చివర బూడిదరంగు ఆకారం కనిపించింది. మర్నాడు వైస్‌లో బిగించిన కత్తి అలుగు దానంతటదే కంపించడం చూసి కారణం వెతికాడు. కొత్తగా పెట్టిన ఫ్యాను సెకనుకు సుమారు 19 కంపనాల వినబడని ధ్వనిని పుట్టిస్తోంది. ఫ్యాను అమరిక మార్చగానే ఆ ఉనికి పోయింది. 1998లో ఆ వివరాలు ప్రచురించాడు. చీకటి గది, అరుపులు ఏవీ ఆయనకు అవసరం పడలేదు.

మన దేశంలో 'జీ హారర్ షో', 'ఆహట్' లాంటి కల్పిత కథలదే ముందు నుంచి పైచేయి. విదేశీ పద్ధతిలో పరికరాలతో వెతకడాన్ని జనానికి పరిచయం చేసిన గౌరవ్ తివారీ 2016లో మరణించాడు. ఇప్పుడు ఆ పని ఎక్కువగా యూట్యూబ్‌కు చేరింది. తెలుగు కుర్రాళ్లు కూడా అర్ధరాత్రి పాడుబడ్డ ఇళ్లలోకి ఫోన్లు పట్టుకుని దూరుతున్నారు. దెయ్యానికి భయపడి ఇళ్ల తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న నేల మనది. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన ఘటనలు తెలంగాణ పల్లెలు చూశాయి. యండమూరి చేతబడి నవల 'తులసిదళం' మీద రచయిత్రి రంగనాయకమ్మ ఒక పుస్తకమే రాసి పోట్లాడింది ఊరికే కాదు. చేతబడికి విశ్వసనీయత తెచ్చిపెడితే ఆ దెబ్బ ఎవరో పేద ముసలమ్మ మీద పడుతుంది.

మనకు వేరే అన్వేషకులు కూడా ఉన్నారు. విజయవాడ నాస్తిక కేంద్రం, జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు పల్లెలకు వెళ్లి, పగటి వెలుతురులో, జనం ముందే మంత్రగాళ్ల 'మహిమల'ను చేసి చూపి, వాటి వెనుక కిటుకు విప్పారు. మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు ప్రసారం చేయకూడదని 1994 కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. తెలుగు ఛానెళ్లకూ యూట్యూబర్లకూ నా విన్నపం ఒక్కటే. డాక్టరును, ఎలక్ట్రీషియనును, ఆ ఊరి పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఒక ఇంటిని పగలూ రాత్రీ వెతకండి. ఏమీ దొరక్కపోతే ఆ మాటే చెప్పి ముగించే షో ఒకటి తీయండి. మేం చూస్తాం.