కట్టెల పడవలు, కలివి కోడి

గ్యాసు బండలు రాకముందు మన మద్రాసు చూలైలో పొయ్యి వెలగాలంటే బేసిన్ బ్రిడ్జికి పడవ రావాల్సిందే తల్లీ. ఇప్పుడు నువ్వు ముక్కు మూసుకుని దాటిపోతావే, ఆ బకింగ్‌హాం కాలవలోనే వచ్చేవి పడవలు. అటు పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా ఇటు మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు, సముద్రాన్ని అంటిపెట్టుకుని పోతుంది ఆ కాలవ. మొదట 1806 నాటికి ఎన్నూరు దాకా తవ్వారు. ధాత కరువులో, 1877-78లో, పొట్ట చేతపట్టుకుని వచ్చిన జనం చేత కూవం, అడయారు నదులను కలిపే ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు పేరే కాలవకు పెట్టారు. తవ్విన వాళ్ళ పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు.

మా నాయన ఒక కట్టెల అడితిలో లెక్కలు రాసేవాడు. నెల్లూరు సీమ పడవలు గడ వేసుకుంటూ, గట్టు మీద మనుషులు తాడుతో లాగుతుంటే మెల్లగా వచ్చేవి. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవాళ్ళు. బియ్యం, ఉప్పు, కట్టెలు దిగేవి. నాయన నన్ను వెంట తీసుకుపోయి కట్టెను చేతికిచ్చి, 'ఇది ఏ నేలది, చెప్పు' అనేవాడు. సరుగుడు కట్టె తిన్నగా, ఒకే తీరుగా ఉంటుంది. అది మన చెట్టు కాదు. తీరం ఇసుకలో నాటి పెంచింది, ఏపుగా ఎదుగుతుంది, భగ్గున మండుతుంది. అడవి కట్టె వంకరగా, బరువుగా ఉండేది. ఒక్క మొద్దు పెడితే అన్నం, పులుసు రెండూ అయ్యేవి. ఆ బరువు ఎక్కడిదని అడిగితే 'శ్రీహరికోట' అనేవాడు నాయన.

రాకెట్లు ఎగిరే శ్రీహరికోటే. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు పులికాట్ సరస్సు, నడుమ ఇసుక దీవి. దాని మీద అడవి. ఆ అడవి సంగతి అడవులూ గడ్డి నేలల గురించి చెప్పే నీ బడి పుస్తకంలో లేదు, అందుకే కాస్త నెమ్మదిగా చెప్తాను. వానలు తక్కువైన చోట చెట్లు ఎండాకాలంలో ఆకు రాల్చి నీళ్ళు దాచుకుంటాయని నీకు బళ్ళో చెప్పారు కదా? మన కోస్తా చెట్లు అలా చేయవు. మనకు పెద్ద వానలు ఆశ్వయుజ కార్తీకాల్లో, ఈశాన్యం నుంచి వస్తాయి. ఆ తర్వాత నెలల తరబడి ఎండలే. అయినా సముద్రపు తేమ ఉంది, నేల లోపల ఇసుక పట్టి ఉంచిన నీళ్ళు ఉన్నాయి. చెట్లు పొట్టిగానే ఉండిపోయి, చిన్న చిన్న దళసరి ఆకులు కట్టుకుని, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. పాల, నేరేడు, అల్లి, వాక... కిందంతా తీగలు, ముళ్ళ పొదలు. మనిషి నిటారుగా నడవలేడు. దీన్ని శాస్త్రజ్ఞులు పొడి సతత హరితారణ్యం అంటారు. కోరమండల్ తీరం వెంట ఇది ఒక పట్టీలా ఉండేది. ఊళ్ళు పెరిగి, పొలాలు పెరిగి, మన పొయ్యిలూ పెరిగి, ముక్కలు ముక్కలైపోయింది.

ఆ దీవిలో యానాదులుండేవారు. తేనె, మైనం తెచ్చేవాళ్ళు, బట్టలకు ఎర్ర రంగు వేసే చిరివేరు తవ్వేవాళ్ళు. వేసవిలో పాలపండ్లు గంపల్లో వచ్చేవి. పసుపు పచ్చగా, వేలి కొసంత ఉంటాయి, నోట్లో వేసుకుంటే జిగురు పెదాలకు అంటుకుంటుంది. 1971లో అక్కడి నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. కంచె పడ్డాక గొడ్డలి ఆగింది, అడవి మిగిలింది. కానీ ఆ అడవిని చెట్టు చెట్టుగా ఎరిగిన యానాదులను దీవి దాటించేశారు. ఈ రెండూ కలిపే చెప్పాలి తల్లీ, ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు.

అదే రకం అడవి మన ఊళ్ళోనూ ఒక పిడికెడు ఉంది. గిండీలో గవర్నరు తోట నుంచి విడదీసి 1978లో జాతీయ పార్కు చేశారు, మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. నగరం నడుమ కృష్ణజింకలు తిరిగే చోటు.

కాలవ గట్లను 1965, 1976 తుపానులు దెబ్బతీశాయి. పడవలు పోయాయి, కట్టెలూ పోయాయి. కానీ తెలుగు నేలతో చూలైకి తాడు తెగలేదు. కృష్ణ నీళ్ళు మద్రాసుకు తెచ్చే తెలుగుగంగ పథకం కోసం 1983లో ముఖ్యమంత్రులు రామారావుగారు, ఎం.జి.ఆర్. ఒప్పందం రాసుకున్నారు. 1996లో ఆ నీళ్ళు మనకు తాగునీరిచ్చే పూండి చెరువులో పడ్డాయి. ఆ రోజుల్లో బిందెలతో క్యూలో నిలబడ్డ వాళ్ళకే తెలుసు ఆ కబురు విలువ. ఆ నీళ్ళు వచ్చే దారిని ఎదురు పట్టుకుని పైకి నడువు, నీ పుస్తకంలోని పాఠమంతా దారిలోనే కనిపిస్తుంది.

పూండి నుంచి కండలేరు, సోమశిల, వెలుగోడు, ఆపైన శ్రీశైలం. శ్రీశైలం చుట్టూ నల్లమల. అది ఆకు రాల్చే అడవి. టేకు, మద్ది, ఏగిస, వెదురు. మాఘ ఫాల్గుణాల్లో మోడులై నిలబడతాయి, చెంచులు ఇప్పపూలు ఏరుకునే రోజులు దగ్గరపడతాయి. దక్షిణాన శేషాచలం కొండల్లో ఎర్రచందనం ఉంది, ఆ కొండలూ వాటి చుట్టుపక్కలా తప్ప లోకంలో ఇంకెక్కడా తనంత తానుగా పెరగదు. వీటికి పూర్తిగా వేరు మంచు దేశాలు; అక్కడ నేల లోపల ఏడాదంతా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి చెట్టు వేరు దిగదు, నాచూ చిట్టి పొదలే మిగులుతాయి, అదే నీ టండ్రా. దాని గురించి పుస్తకం బాగానే రాసింది. వేడి ఎంత, వాన ఎంత, ఏ నెలలో, ఏ మట్టి మీద: ఇవి చూసుకుని నేల తన బట్ట తానే కట్టుకుంటుంది.

ఇక గడ్డి సంగతి. దీని మీద నాకు బాధ ఉంది. కర్నూలు, అనంతపురం వైపు వాన మరీ తక్కువ. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, మనకు పడేదాంట్లో సగం కూడా కాదు. అక్కడ గడ్డి, ముళ్ళతుప్ప, గొర్రెల మంద. రెవెన్యూ లెక్కల్లో దాన్ని బంజరు అని రాశారు. దొరలు రాశారు, మనవాళ్ళూ అలాగే ఉంచారు. బంజరనగానే దున్నాలి, లేదంటే చెట్లు నాటాలి. నందికొట్కూరు అవతల రోళ్ళపాడు గడ్డిలో బట్టమేక పిట్ట ఉండేది. మనిషి నడుము దాకా వచ్చే ఎత్తు, ఎగిరే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఒకటి. నేల మీదే, చాలాసార్లు ఒక్క గుడ్డే పెడుతుంది. పక్షి శాస్త్రజ్ఞుడు సాలిం అలీ దాన్ని జాతీయ పక్షి చేయమన్నారు, 1963లో నెమలికి దక్కింది. 1988లో రోళ్ళపాడును అభయారణ్యం చేశారు. చుట్టూ ఉన్న మేత బీళ్ళు పొలాలైపోయాక పిట్ట దాదాపు కనిపించకుండా పోయింది. దానికి నీడ అక్కర్లేదు, చూపు ఆనినంత దూరం ఖాళీ కావాలి. అక్కడ చెట్లు నాటడం కూడా దాని ఇల్లు కూల్చడమే.

అడవికీ గడ్డికీ మధ్య ఇంకో నేల ఉంది, కడప లంకమల అంచుల్లో. పొదకూ పొదకూ నడుమ మట్టి కనిపిస్తుంది. దట్టంగా ఉండదు, బోడిగానూ ఉండదు. అక్కడిది కలివి కోడి అనే పక్షి. పగలు పొదల మాటున దాక్కుని రాత్రి తిరుగుతుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డన్ వల్ల 1848లో పుస్తకాల్లోకి ఎక్కింది. 1900 తర్వాత ఎవరూ చూడలేదని, అంతరించిందని రాసేశారు. 1986 జనవరిలో బొంబాయి పరిశోధకులు వెతుక్కుంటూ వస్తే, ఆ ఊళ్ళ వేటగాడొకడు రాత్రి టార్చి వేసి పట్టి తెచ్చాడు. లోకం పోయిందనుకున్న పక్షికి ఆ పల్లెల్లో పేరుంది, నడక తెలుసు. వాళ్ళను అడిగినవాళ్ళే లేకపోయారు.

ఆ తర్వాత తెలుగుగంగ కాలవ తవ్వకం ఆ పొదల్లోకే వచ్చింది. అవును, మనకు నీళ్ళిచ్చిన పథకమే. పక్షుల మనుషులు గట్టిగా పట్టుబట్టారు, చివరికి కాలవ దారి మార్చారు. నీళ్ళ కోసం వీధిలో నిలబడ్డవాణ్ణి కాబట్టి చెప్తున్నా, అది మంచి పని. రేపు బడికి తీసుకుపోయే పటంలో అడవి గడికీ గడ్డి గడికీ మధ్య ఇంకో గడి గీయి తల్లీ. కలివి పొదలు, లంకమల, కడప జిల్లా అని రాయి. టీచరమ్మ అడిగితే ఇప్పుడు విన్నదంతా చెప్పు.