తిరగబెట్టే జబ్బు

చిత్తూరు జిల్లాలో ఎవరికైనా బ్లడ్ కేన్సర్ అని తెలిస్తే, చాలాకాలం పాటు ఆ ఇంట్లో మొదట వినపడిన ఊరిపేరు రాయవేలూరు. 1993లో తిరుపతిలో స్విమ్స్ మొదలైంది. 2022లో, తితిదే ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన కేన్సర్ ఆస్పత్రి కూడా తెరుచుకుంది. బస్సు మారింది గానీ, ఆస్పత్రి వరండాల్లో ఒక మాట మాత్రం మారలేదు: "బాగైపోయిందన్నారు, మళ్లా తిరగబెట్టింది." ఆ వెంటనే కారణాల వెతుకులాట. పథ్యం తప్పామా, డాక్టరు సరిగ్గా చూళ్లేదా, కర్మా?

ఈ ప్రశ్న కేన్సర్ మందులంత పాతది. దాని మొదట్లోనే మనవాడొకడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో లెడర్లీ కంపెనీలో చేరాడు. స్ప్రూ జబ్బుతో సోదరుణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఆయన బృందం అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు దాన్నిచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా ఉధృతమైంది. అయితే దానికి విరోధి కావాలన్నమాట! సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పని చెడగొట్టే అమినాప్టెరిన్ అందించింది. 1948 జూన్‌లో ఫార్బర్ వ్యాసం వచ్చింది: 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఆ వ్యాసం శీర్షికలోనే 'తాత్కాలిక' అన్న మాట ఉంది. జబ్బు నెలల్లోనే తిరిగొచ్చింది. ఆగస్టులో సుబ్బారావు పోయాడు.

ఎందుకు తిరిగొచ్చింది? ఒక జవాబు 1978లో దొరికింది. మెథోట్రెక్సేట్, అంటే అమినాప్టెరిన్ తమ్ముడు, దెబ్బకొట్టే ఎంజైము జన్యువుని కేన్సర్ కణాలు పదుల కొద్దీ నకళ్లు తీసుకుంటాయని రాబర్ట్ షిమ్కీ బృందం చూపించింది. ఒకణ్ణి కొడితే పదిమంది లేచినట్టు. ఇది నిజమే, కానీ కథంతా ఇదే కాదు.

రెండో జవాబు టొరొంటోలో మొదలైంది. రక్తం తయారయ్యే మూలకణాలు ఎముక మజ్జలో ఉన్నాయని 1961లో టిల్, మెకల్లక్ ఎలుకల్లో ప్రయోగం చేసి చెప్పారు. ముప్ఫై మూడేళ్ల తర్వాత అదే ఊళ్లో జాన్ డిక్ బృందం రోగి నుంచి తీసిన ల్యుకేమియా కణాల్ని రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లో ఎక్కించింది. లక్షల్లో ఏ ఒక్కటో తప్ప మిగతావి జబ్బుని మొలిపించలేకపోయాయి. 2003లో మిషిగన్‌లో రొమ్ము కేన్సర్‌లోనూ ఇలాంటిదే చూశారు: ఒకరకం కణాలు వంద చాలు, మిగతా రకం వేలకు వేలు పెట్టినా గడ్డ కట్టలేదు.

మా వైపు శెనక్కాయల చేన్లో తుంగ పీకినవాళ్లకి ఇది కొత్తేం కాదు. పైన గడ్డి పోతుంది, కింద దుంప ఉంటుంది. కీమో మందుల్లో చాలావాటి దెబ్బ వేగంగా విభజన చెందే కణాల మీద. ఈ మూలకణాల్లాంటివి చాలాసార్లు నిద్రపోతూ ఉంటాయి. మందుని బయటికి తోడిపోసే పంపులు వీటిలో ఎక్కువ. డీఎన్ఏ తెగితే అతికించుకోవడంలోనూ గట్టివి. స్కానులో గడ్డ కరిగినట్టే కనబడుతుంది. ఇవి అందులో చాలా కొద్ది శాతం కాబట్టి, మిగిలాయో లేదో ఆ బొమ్మ చెప్పదు. ఇంకోచోటికి పాకడంలోనూ వీటికి పాత్ర ఉంది. రొమ్ము కేన్సర్ ఏ అవయవానికి పడితే ఆ అవయవానికి పోదని, విత్తనానికి తగిన నేల కావాలని స్టీఫెన్ పాజెట్ 1889లోనే అన్నాడు. కాలేయానికో ఎముకకో కొట్టుకుపోయిన కణం అక్కడ కొత్త గడ్డ కట్టాలంటే, మళ్లా మొదటినుంచి కాపురం పెట్టగలిగేదై ఉండాలి.

ఇక్కడ తుంగ పోలిక చెడిపోతుంది. 2008లో మిషిగన్ నుంచే మరో బృందం, రోగనిరోధక శక్తి ఇంకా తక్కువున్న ఎలుకల్లో మెలనోమా కణాల్ని పెడితే నాలుగింట ఒకటి గడ్డ కట్టింది. అరుదు అనుకున్నది కొంతవరకు ఎలుక మహిమేనన్నమాట. పైగా మామూలు కేన్సర్ కణం కూడా పరిస్థితిని బట్టి మూలకణంలా మారగలదు. గడ్డిపరక దుంపగా మారడం ఏ రైతూ చూసుండడు. అందుకే 'మూలకణాన్ని చంపితే చాలు' అనే ఉత్సాహం మీద నాకు అనుమానమే. మూలకణాల చికిత్స పేరుతో అన్ని జబ్బులకీ బేరంపెట్టే క్లినిక్కులు సరేసరి, వాటికీ ఈ కథకీ సంబంధం లేదు.

ఈ జవాబు బాగా అతికేది దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాలో. 2001లో ఇమాటినిబ్ వచ్చాక రోజుకో మాత్రతో ఏళ్ల తరబడి బతుకుతున్నారు. రెండేళ్లకు పైగా పరీక్షల్లో జబ్బు జాడే లేనివాళ్లకి ఫ్రాన్సులో మందు ఆపి చూస్తే, సగానికి పైగా మందిలో ఏడాది లోపే తిరిగొచ్చింది. మాత్రకి చావని మూలకణాలు మిగిలి ఉండటమే అందుకు ముఖ్య కారణం అంటున్నారు.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ రకంలో మూలకణాల సంగతి ఇంత తేటగా లేదు. అక్కడ వైద్యులు సిద్ధాంతం కోసం ఆగలేదు. రక్తం శుభ్రమయ్యాక కూడా రెండేళ్లకు అటూఇటూగా మాత్రలు మింగిస్తారు. పిల్లాడు ఆడుకుంటున్నాడు, జుట్టొచ్చింది, ఇంకా ఎందుకీ మాత్రలు అని ఇంట్లోవాళ్లకి అనిపించేది ఆ రోజుల్లోనే. రోజూ వేసేది ఒకటి, వారానికోసారి వేసేది ఇంకొకటి. ఆ వారం మాత్ర మెథోట్రెక్సేట్.