రూప్‌కుండ్ కాలిబాట

రూప్‌కుండ్ కాలిబాట ఉత్తరాఖండ్ రాష్ట్రములోని చమోలీ జిల్లాలో, లోహాజంగ్ అను ఊరి నుండి రూప్‌కుండ్ సరస్సు వరకు సాగే పర్వత మార్గము. త్రిశూల్ (7,120 మీ.), నందా ఘుంటి (6,309 మీ.) శిఖరాల సమీపాన, సముద్రమట్టానికి సుమారు 5,000 మీటర్ల ఎత్తున ఈ సరస్సు ఉన్నది. దీని వ్యాసం దాదాపు 40 మీటర్లు మాత్రమే. తెలుగునాట ఊరి చెరువులతో పోల్చితే ఇది చిన్న గుంట. సంవత్సరంలో అధికభాగం గడ్డకట్టి ఉంటుంది. మంచు కరిగినపుడు నీటిలోను, ఒడ్డున మానవ అస్థికలు కనిపించడం వలన దీనికి అస్థిపంజరాల సరస్సు అని పేరు వచ్చింది. హిమాలయాలలో ఎక్కువమంది నడిచిన దారులలో ఇది ఒకటి. అయితే 2018లో ఈ దారిలోని పచ్చికబయళ్ళపై రాత్రి బసను న్యాయస్థానం నిషేధించింది.

మార్గము

లోహాజంగ్ దాటిన తరువాత వాన్ ఈ దారిలో చివరి పెద్ద గ్రామం. ఇక్కడి లాటూ దేవత ఆలయంలో పూజారి కళ్ళకు గంతలు కట్టుకొని పూజ చేస్తాడు. వాన్ నుండి నీల్‌గంగ అను వాగును దాటి, ఓక్, బురాంశ్ చెట్ల అడవిలో నిటారుగా ఎక్కవలసి ఉంటుంది. దీద్‌నా గ్రామం మీదుగా ఎక్కే మరొక దారి కూడా కలదు.

చెట్లు అకస్మాత్తుగా ఆగిపోయి విశాలమైన పచ్చిక మొదలవుతుంది. ఇటువంటి బయళ్ళను గఢ్వాలీలు బుగ్యాల్ అంటారు. ఆలీ, బేద్నీ బుగ్యాల్‌లు పక్కపక్కనే ఉన్నాయి. ఈ దారిలో అత్యంత రమణీయమైన భాగం సరస్సు కాదు, ఈ బయళ్ళే అని చెప్పవచ్చును. బేద్నీలో ఒక చిన్న కుండము, దాని ఒడ్డున నందాదేవి గుడి ఉన్నాయి.

అక్కడి నుండి ఘోడా లోటానీ, పాతర్ నచౌనీ, కాలూ వినాయక్ మీదుగా భగువాబాసా చేరుతారు. ఘోడా లోటానీ అనగా గుర్రాలు వెనుదిరిగే చోటు. కాలూ వినాయక్ వద్ద నల్లరాతి గణపతి విగ్రహం, గంటలు ఉన్నాయి. భగువాబాసా నుండి సరస్సుకు చేసే ప్రయాణం తెల్లవారక ముందే మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ వేళ మంచు గట్టిగా ఉండి అడుగు నిలుస్తుంది. ఎండ ఎక్కితే మెత్తబడి కాలు దిగబడుతుంది, మధ్యాహ్నానికి మేఘాలు కమ్ముతాయి. మంచు ఎక్కువగా ఉన్నపుడు ముందు నడిచేవారు మంచుగొడ్డలితో మెట్లు చెక్కుకుంటూ పోతారు. సరస్సుకు పైన జునార్‌గలీ అను ఇరుకైన కనుమ ఉన్నది.

రానుపోను దూరం 50 కిలోమీటర్లకు పైమాటే. అనుకూల సమయం మే-జూన్, సెప్టెంబరు-అక్టోబరు నెలలు.

ఐతిహ్యము, జాతర

కనౌజ్ రాజు జస్‌ధవళ్ గర్భవతియైన రాణితోను, నర్తకీమణులతోను నందాదేవి యాత్రకు బయలుదేరాడని, ఆ వైభవానికి ఆగ్రహించిన దేవి వడగళ్ళు కురిపించి పరివారమంతటినీ నాశనం చేసిందని స్థానిక గాథ. నర్తకులు ఆడిన చోటే పాతర్ నచౌనీ అంటారు. నౌటీ గ్రామం నుండి బయలుదేరే నందాదేవి రాజ్ జాత్ యాత్ర నాలుగు కొమ్ముల పొట్టేలును ముందుంచుకొని ఈ దారినే హోమ్‌కుండ్ చేరుతుంది. ఇది 2000, 2014 సంవత్సరాలలో జరిగింది.

అస్థికలు, హైదరాబాదు పరిశోధన

1942లో అటవీ రేంజరు హెచ్.కె. మధ్వాల్ ఈ ఎముకలను గుర్తించాడు. అది రెండవ ప్రపంచయుద్ధ కాలం గనుక ఇవి జపాను సైనికులవేమోనన్న అనుమానం కూడా కలిగింది. 2004లో పరిశీలించిన బృందం కొన్ని పుర్రెల మీద పైనుండి తగిలిన దెబ్బలను చూసి పెద్ద వడగళ్ళే కారణమని భావించింది. గాథకు ఇది సరిగ్గా సరిపోయింది.

2019లో కథ మారిపోయింది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, లక్నోకు చెందిన నీరజ్ రాయ్, హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 38 మంది డీఎన్ఏ విశ్లేషణను నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ప్రచురించారు. వారిలో 23 మంది దక్షిణాసియా మూలాలవారు. వీరు క్రీ.శ. 7-10 శతాబ్దాల మధ్య, అదికూడా ఒకేసారి కాక వేర్వేరు సమయాలలో మరణించారు. 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు మూలాలవారు, ఒకరు ఆగ్నేయాసియా మూలాలవారు. ఈ 15 మంది దాదాపు వెయ్యేళ్ళ తరువాత, క్రీ.శ. 1800 ప్రాంతంలో మరణించినవారు. మధ్యధరా మూలాలవారు ఇంత దూరం ఎందుకు వచ్చారో తేలలేదు. ఎముకలను కొందరు యాత్రికులు జ్ఞాపికలుగా పట్టుకుపోవడం వలన, రాళ్ళు దొర్లి చెదరడం వలన ఏ ఎముక మొదట ఎక్కడ ఉన్నదో చెప్పే ఆధారం నశించింది. ఇది తీరని నష్టం.

బసపై నిషేధము

బేద్నీ, పాతర్ నచౌనీ, భగువాబాసాలు ఈ దారిలో మామూలు మజిలీలుగా ఉండేవి. బుగ్యాల్ గడ్డి మంచు కింద నెలల తరబడి ఉండి, కొద్ది వారాలలోనే పెరుగుతుంది. ఒకేచోట వరుసగా గుడారాలు వేస్తే గడ్డి చచ్చిపోతుంది. వాననీరు పోవడానికి గుడారం చుట్టూ తవ్విన కాలువలు మరుసటి వర్షానికి గండ్లుగా మారి మట్టిని కోసుకుపోతాయి. సామాను మోసే కంచరగాడిదల గిట్టలు దీనికి తోడవుతాయి. చెత్త సంగతి చెప్పనక్కరలేదు, ఆ చలిలో ఏదీ త్వరగా కుళ్ళదు.

ఆలీ, బేద్నీ, బగ్జీ బుగ్యాల్‌ల పరిరక్షణకు ఏర్పడిన స్థానిక సమితి వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు తీర్పునిచ్చింది. బుగ్యాల్‌లలో రాత్రి బసను నిషేధించి, సందర్శకుల సంఖ్యను 200కు పరిమితం చేసి, శాశ్వత కట్టడాలను తొలగించమని ఆదేశించింది. బేద్నీ నుండి సరస్సుకు ఒక్కరోజులో వెళ్ళిరావడం సామాన్యులకు సాధ్యం కాదు గనుక చాలా యాత్రా సంస్థలు ఈ దారిని మానుకున్నాయి. వాన్, లోహాజంగ్ ప్రాంతాలలో దారిచూపేవారు, వంటవారు, గాడిదల యజమానులు జీవనోపాధి కోల్పోయారు. పచ్చికను కాపాడమని కోరినవారు, పచ్చికపై వచ్చిన యాత్రికులతో బ్రతికినవారు ఇరుగుపొరుగు ఊర్లవారే కావడం గమనార్హం.

జాగ్రత్తలు

5,000 మీటర్ల ఎత్తున ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో ఉన్నదానిలో సగం కంటే కొంచెమే ఎక్కువ. తలనొప్పి, వాంతులు, తడబాటు కనిపిస్తే వెంటనే కిందికి దిగడమే అసలైన చికిత్స. ధైర్యం చెప్పుకొని పైకి పోవడం ప్రాణాంతకం. ఎముకలను తాకరాదు, తీసుకొనిపోరాదు.

చేరుకొను విధము

దగ్గరి రైల్వేస్టేషన్లలో ఒకటి కాఠ్‌గోదాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి ఢిల్లీ చేరి అక్కడ రైలు మారవచ్చును. కాఠ్‌గోదాం నుండి లోహాజంగ్‌కు ఘాట్ రోడ్డుపై దాదాపు ఒక పగలంతా ప్రయాణం. బయలుదేరే ముందే అమలులో ఉన్న నియమాలను, అనుమతులను అటవీశాఖ కార్యాలయంలో విచారించుకొనవలెను.