షెవర్లే లోపల పెర్కిన్స్

చాచా బానెట్ ఎత్తగానే నా ఉత్సాహం సగం చచ్చిపోయింది.

బయటినుంచి చూస్తే అది అచ్చంగా 1951 షెవర్లే. ఐదు మీటర్ల పొడవు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, మధ్యలో పట్టీతో రెండు ముక్కలుగా ఉన్న ముందద్దం. వరంగల్ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు వెనక, రెండు ట్రాక్టర్ ట్రాలీల మధ్య దుమ్ము కప్పుకుని ఉంది. లోపల ఉండాల్సిన ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజను మాత్రం లేదు. దాని చోట నాలుగు సిలిండర్ల పెర్కిన్స్ డీజిల్ కూర్చుని ఉంది. మద్రాసు సింప్సన్ కంపెనీ తయారీ.

"డీజిలా?" అన్నాను.

"డీజిల్ గాబట్టే ఇంకా ఉన్నది బేటా. పెట్రోల్‌దే ఉంటే ఎన్నడో తుక్కుకు వోతుండె" అన్నాడు చాచా.

రెండేళ్లుగా ఇలాంటి కారు కోసం వెతుకుతున్నాను. అద్దాల గదిలో పెట్టి చూసుకోవడానికి కాదు. హన్మకొండ నుంచి హైదరాబాదు దాకా నడుపుకుంటూ పోవాలి, నడుపుతూనే ఒక్కొక్కటీ బాగుచేసుకోవాలి. అయితే నా ఊహలో ఉన్నది 'ఒరిజినల్' కారు. ఆ ఒరిజినల్ అన్న మాటకి అర్థమేమిటో ఈ కారు దగ్గరే మొదటిసారి ఆలోచించాల్సి వచ్చింది.

*

ఈ కారు అమెరికాదే గానీ, అమెరికానుంచి నేరుగా రాలేదు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివ్రీలో కర్మాగారం పెట్టింది. విడిభాగాలు పెట్టెల్లో ఓడ మీద వచ్చేవి, ఇక్కడ బిగించి, స్టీరింగు కుడివైపు పెట్టి అమ్మేవాళ్లు. అంతకు రెండేళ్ల ముందే ఫోర్డు కూడా మన దేశంలో అడుగుపెట్టింది.

ఇంగ్లీషు వాళ్ల పాలనలో ఉన్న దేశంలో, ఇంగ్లండుకి 'నమ్మకమైన మిత్రుడు' అని బిరుదున్న నిజాం రాజ్యంలో, అమెరికా కార్లకి అంత గిరాకీ ఎందుకు? జవాబు కొంత పన్నుల్లో ఉంది. ఇంగ్లండులో కారు మీద పన్నుని చాలాకాలం సిలిండరు వ్యాసాన్ని బట్టి లెక్కగట్టేవారు. పన్ను తగ్గాలంటే సిలిండరు సన్నగా ఉండాలి. అందుకని అక్కడి కంపెనీలు సన్నగా, పొడుగ్గా ఉండే చిన్న ఇంజన్లు చేశాయి. అమెరికా వాడికి ఆ బాధ లేదు, పెట్రోలూ చవక. మూడున్నర లీటర్ల ఇంజను పెట్టి, వేగం బాగా తగ్గినా గేరు మార్చకుండా లాక్కుపోయేలా చేశాడు. మొరం రోడ్లు, వంతెనల్లేని వాగులు, బండ్లబాటలు ఉన్న మన జిల్లాలకి సరిపోయింది ఇదే.

ఇంకో సంగతి. షెవర్లే కార్లో ఉన్న ఇంజను కుటుంబమే షెవర్లే లారీల్లోనూ ఉండేది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక సైన్యం అమ్మేసిన లారీలు దేశమంతా తిరిగాయి. లారీ విప్పి బిగించడం వచ్చిన మేస్త్రీకి ఈ కారు కొత్తేం కాదు. చాచాకి పని నేర్పిన ఉస్తాద్ అలాంటి లారీల కిందే నేర్చుకున్నాడట.

కానీ ఈ కారు పుట్టిన మూడేళ్లకే దిక్కులేనిదైంది. విడిభాగాలు తెచ్చి బిగించడం ఒక్కటే చాలదు, అంచెలంచెలుగా ఇక్కడే తయారుచేయాలి, లేదా తప్పుకోవాలి అని 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సు మీద ప్రభుత్వం తేల్చింది. ఫోర్డూ, జనరల్ మోటార్సూ 1954కల్లా తాళాలు వేసుకున్నాయి. కుర్లాలో ప్రీమియర్ కంపెనీ క్రైస్లర్ వాళ్లతో ఒప్పందం మీద డాడ్జ్, ప్లిమత్, డిసోటో చేస్తూ మిగిలింది. షెవర్లే కొన్నవాడికి మాత్రం ఇక దేవుడూ, మేస్త్రీ తప్ప ఎవరూ లేరు.

*

అసలు ఇంజను ఎందుకు పోయిందో చాచా వేళ్లతో చూపిస్తూ చెప్పాడు. ఆ కాలపు షెవర్లేలో కనెక్టింగ్ రాడ్డు బేరింగులు ఇప్పటిలా మార్చుకునే చిప్పలు కావు. తెల్లలోహం కరిగించి రాడ్డులోనే పోసి, లేతు మీద తిప్పి, ఆపైన చేత్తో గీకి సరిచేసేవారు. నూనె కూడా పంపు ఒత్తిడితో నిండుగా వెళ్లదు. రాడ్డు కింద చిన్న గరిటె లాంటిది ఉంటుంది, తిరిగినప్పుడల్లా తొట్టిలోంచి నూనె చిమ్ముకుంటుంది. మెల్లగా నడిపితే నూరేళ్ల ఆయుష్షు. తారురోడ్డు పడ్డాక డ్రైవర్లు గట్టిగా తొక్కడం మొదలుపెట్టారు. 'టకటక' మొదలయ్యేది.

"ఒకసారి పోస్తిమి, రెండుసార్లు పోస్తిమి. పోసే ముసలాయన సచ్చిపోయె. ఇగ ఎవలు పోస్తరు?"

అదే సమయంలో 1973 అక్టోబరు యుద్ధం. మూడు డాలర్ల దగ్గరున్న పీపా చమురు జనవరికల్లా పదకొండు దాటింది. లీటరుకి ఆరేడు కిలోమీటర్లిచ్చే కారుని పెట్రోలు మీద నడపడం ఇక ఎవరి తరమూ కాలేదు. ఊళ్లలో పెద్దకార్లు కోళ్లకి గూళ్లయిన రోజులవి.

ఈ కారు కాలేదు. చాచా, ఉస్తాద్ కలిసి పెర్కిన్స్ ఎక్కించారు. మాటల్లో చెప్పినంత తేలిక కాదది. షెవర్లేలో గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్లే కడ్డీ ఒక మూసిన గొట్టంలో ఉంటుంది. ఆ గొట్టం గేరుబాక్సు మూతికి అతుక్కుని ఉంటుంది కాబట్టి గేరుబాక్సు మారిస్తే వెనకదంతా మార్చాలి. వీళ్లు పాత గేరుబాక్సుని కదపలేదు. మందమైన ఇనుపరేకు కోసి, ఒకవైపు పెర్కిన్స్ బోల్టులకీ ఇంకోవైపు షెవర్లే బోల్టులకీ రంధ్రాలు చేసి, మధ్యలో పెట్టారు. డ్రాయింగు లేదు. అట్టముక్క మీద గ్రీజు వేలితో తీసిన ముద్రే డ్రాయింగు.

ఆ ఒక్క మార్పుతో ఆగలేదు. ఆరు వోల్టుల కరెంటు డీజిల్ స్టార్టరుకి చాలదు, పన్నెండుకి మార్చారు. వైపర్లు పెట్రోల్ ఇంజను పీల్చే గాలితో ఆడేవి. డీజిల్లో ఆ పీల్పు అంతగా ఉండదు, అంబాసిడర్ మోటారు పెట్టారు. చక్రాలు పదిహేనంగుళాలవే కాబట్టి టైర్లూ అంబాసిడర్‌వే.

"ఇట్ల చేసినంక ఇది ఎవలకు పనికొచ్చింది?" అనడిగాను.

చాచా నవ్వాడు. "అందరికి. మొదలు కొన్నది కలప కాంట్రాక్టరు. ఆయన ఒక్కడే ఎక్కుతుండె. డీజిల్ అయినంక కిరాయికి నడిచింది. పెండ్లిండ్లకు వోయింది, దవాఖానకు వోయింది. మేడారం జాతరకు పన్నెండు మందిని ఎక్కించుకపోయినం, కోళ్లు, బెల్లం అన్నీ గలిపి."

*

ఇంటికెళ్లి నాన్నకి ఫోటోలు చూపించాను.

"దొరల కారా?" అన్నాడు.

నాన్న పుట్టింది పరకాల వైపు. పోలీసు చర్యకి ముందు మా తాత వెట్టి చేసినవాడు. దొర కారు వాగు ఇసుకలో దిగబడితే ఊరోళ్లని పిలిపించి తోయించేవారట. తోసినవాళ్ల మీద ఇసుక చిమ్ముకుంటూ కారు ఒడ్డెక్కేది, ఆగేది కాదు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, వెట్టి పోయింది. ఆ ఇసుక మాత్రం తాత చెప్పగా చెప్పగా నాన్న కళ్లలోకీ వచ్చింది. ఆ కారు ఇది కాదు, ఇది తర్వాత వచ్చింది. అయినా జాతి ఒకటే కదా. పాత కారంటే నాకు కనిపించిన మెరుపు నాన్నకి కనిపించదు. 'రాజసం' అని మనం మురిసిపోయే ప్రతి కారునీ ఎవరో ఒకరు తోసే ఉంటారు.

మేడారం సంగతి చెప్పాను. పన్నెండుమంది అనగానే నాన్న ఫోను మళ్లీ తీసుకుని ఫోటో పెద్దది చేసి చూశాడు.

*

చట్టం సంగతి చూస్తే అసలు తిరకాసు తెలిసింది. 2021 జులైలో కేంద్రం పాతకార్లకి వేరే రిజిస్ట్రేషను తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు, ఫీజు 20,000, గడువు పదేళ్లు. షరతు ఏమిటంటే చాసిసూ, బాడీ, ఇంజనూ పెద్దగా మార్చకుండా ఉండాలి. ఆ నంబరు వచ్చాక కూడా రోజూ నడపకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, మరమ్మతుకీ మాత్రమే రోడ్డెక్కాలి.

అంటే ఎక్కడినుంచో పాత షెవర్లే ఇంజను తెచ్చి, చాచా ప్లేటు పీకేసి, వైరింగు మళ్లీ ఆరు వోల్టులకి దించితే నా కారు 'వింటేజి' కావచ్చు. శుద్ధమవుతుంది, ఆగిపోతుంది. పెర్కిన్స్‌తో ఉంచితే మామూలు బండే. గడువు తీరిన ఆర్సీకి ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్లకోసారి పొడిగించుకుంటూ నడుపుకోవాలి. ఆర్సీ బుక్కులో 'పెట్రోల్' కొట్టేసి 'డీజిల్' అని రాసి, కింద ముద్ర వేసి ఉంది. ఈ కారు జీవితంలో జరిగిన పెద్ద సంఘటనకి ఉన్న ఒకే ఒక్క రాతపూర్వక ఆధారం ఆ కొట్టివేత.

శివ్రీ ఫ్యాక్టరీలో ఈ కారు గడిపింది మహా అయితే కొన్ని రోజులు. మొదటి ఇంజనుతో ఇరవై చిల్లర ఏళ్లు. పెర్కిన్స్‌తో అంతకంటే ఎక్కువ. ఏది ఒరిజినల్? పునరుద్ధరణ అంటే ఏదో ఒక తేదీని ఎంచుకుని, ఆ తర్వాత జరిగినదంతా తప్పని చెరిపేయడం. 1951ని ఎంచుకుంటే కాంట్రాక్టరు మిగులుతాడు, మేడారం పోతుంది. నేను ఆ అట్టముక్క మీది గ్రీజు ముద్రని ఎంచుకున్నాను.

అయితే తుప్పుని ఎంచుకోలేదు. ఫ్లోరు రెండుచోట్ల వేలు దూరేంత తినేసింది, అది కోసి కొత్త రేకు వెయ్యాలి. బ్రేకుల రబ్బర్లన్నీ మార్చాలి. సీటు బెల్టులు పెట్టాలి. రంగు ఆఖర్న.

అడ్వాన్సు ఇచ్చే రోజు నాన్న కూడా వచ్చాడు. బ్యాటరీ వీక్, స్టార్టరు మూలిగి ఊరుకుంది. "తోస్తే అందుకుంటది" అన్నాడు చాచా. నాన్న అలవాటుగా వెనక్కి నడిచాడు. నేను ఆపి, ముందు తలుపు తీశాను.

"నువ్వు కూసో నాన్నా. రెండో గేరుల ఉంచి క్లచ్ వదులు. మేం తోస్తం."

డ్రైవింగు వచ్చినవాడే, లూనా నుంచి ఆల్టో దాకా నడిపాడు. అయినా ఆ పెద్ద స్టీరింగు ముందు ఒక నిమిషం ఊరికే కూర్చున్నాడు. నేనూ, చాచా, షెడ్డు కుర్రాడూ కలిసి తోశాం. పది గజాల్లో పెర్కిన్స్ దగ్గి, నల్లపొగ మా ముగ్గురి మొహాల మీద కొట్టి, అందుకుంది.

నాన్న కొంచెం దూరం పోయి ఆపాడు. మేం వచ్చి ఎక్కేదాకా ఆగాడు.